వీధికి అటు 606, ఇటు 27

1846 మార్చి 28న కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన ఓ వడ్రంగి ఫారో దీవుల్లోని టోర్స్‌హావ్న్‌లో ఓడ దిగాడు. ఏప్రిల్ మొదట్లో అతనికి జ్వరం తగిలి ఒళ్లంతా తట్టు పోసింది. కొన్ని నెలలు తిరిగేసరికి 7,782 మంది జనాభాలో ఆరు వేలకు పైగా మంచం పట్టారు. సంగతేమిటో చూసి రమ్మని డెన్మార్క్ ప్రభుత్వం ఇద్దరు డాక్టర్లను పంపింది. వారిలో పీటర్ లుడ్విగ్ పానుమ్‌కు అప్పటికి పాతికేళ్లే. ఊరూరూ తిరిగి ఎవరికి ఏ రోజున దద్దుర్లు లేచాయో రాసుకుంటూ పోయిన ఆ కుర్రాడికి ముసలివాళ్ల విషయంలో ఓ విచిత్రం కనిపించింది. దీవులకు అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు పడి లేచినవాళ్లలో ఒక్కరికీ 65 ఏళ్ల తర్వాత అది మళ్లీ సోకలేదు. నాడు తప్పించుకున్న వృద్ధులను మాత్రం ఈసారి వదల్లేదు.

ఒక మనిషికి దొరికే రక్షణ సంగతి అలా తేలింది. మరి ఊరి సంగతి?

లండన్‌లో దాదాపు రెండేళ్లకోసారి తట్టు చెలరేగి, ఇంకా సోకని పిల్లలు బోలెడుమంది ఉండగానే చల్లారిపోయేది. సోకే అవకాశమున్నవాళ్లు ఒక హద్దు కంటే తగ్గితే వ్యాధికి దారి దొరకదని, కొత్తగా పుట్టిన పిల్లలతో ఆ లోటు పూడగానే మళ్లీ విజృంభిస్తుందని 1906లో విలియం హేమర్ అనే వైద్యుడు లెక్కగట్టాడు. ఇలాంటి ఆలోచనే మనకు బాగా తెలిసిన మరో మనిషికీ వచ్చింది. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రొనాల్డ్ రాస్, దోమలన్నిటినీ చంపక్కర్లేదని, ఒక హద్దు కిందికి తగ్గిస్తే మలేరియా తనంతట తానే అంతరిస్తుందని గణితంతో వాదించాడు. 1923లో టోప్లీ, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల గుంపులపై ప్రయోగాలు చేసి, గుంపుకుండే రోగనిరోధకతను విడిగా అధ్యయనం చేయాలన్నారు. ‘హెర్డ్ ఇమ్యూనిటీ’ అనే ఈ భావన వైద్యశాస్త్రంలో స్థిరపడింది ఆ తర్వాతే.

1963లో అమెరికాలో తట్టు టీకా వచ్చింది. నాలుగేళ్లకే అక్కడి ఆరోగ్యశాఖ ఈ ఏడాదితో దేశంలో తట్టు ఉండదని ధీమాగా చెప్పింది. ఆ మాట నిజం కావడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా టెక్సర్కానా ఎవరూ రూపొందించని ప్రయోగశాలగా మారింది. ఊరి నడుమ వీధే రెండు రాష్ట్రాల సరిహద్దు: ఒక పక్క టెక్సస్, మరో పక్క ఆర్కాన్సా. దుకాణాలు, సినిమా హాళ్లు అందరివీ. ఆర్కాన్సా వైపు పిల్లల్లో 95 శాతానికి పైగా టీకా వేయించుకున్నారు. బడిలో చేరడానికి టీకా తప్పనిసరి కాని టెక్సస్ వైపు 57 శాతమే. 1970 జూన్ నుంచి 1971 జనవరి వరకు మొత్తం 633 కేసులొస్తే 606 టెక్సస్ వైపే. వీధి దాటడం వ్యాధికి కష్టమేమీ కాదు. దాటాక పాకడానికే మనుషులు దొరకలేదు.

తట్టు పోసిన ఒక్కరి నుంచి, రక్షణ లేనివాళ్ల మధ్య 12 నుంచి 18 మందికి సోకుతుంది. దాన్ని ఆపాలంటే సుమారు 95 శాతానికి రోగనిరోధకత ఉండాలన్న లెక్క ఇందులోంచే వచ్చింది. అయితే శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదని మశూచి నేర్పింది. 80 శాతానికి టీకా వేస్తే అది పోతుందన్న అంచనా కిక్కిరిసిన భారతదేశంలో పారలేదు. 1974లో బీహార్‌ను మశూచి కుదిపేసింది. ఇల్లిల్లూ తిరిగి రోగిని వెతకడం, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేయడం అనే పద్ధతి గట్టిగా పట్టుకున్నాకే 1975 మేలో ఇక్కడ చివరి కేసు నమోదైంది. దేశం మొత్తానికి ఎంత శాతమన్న దానికంటే, టీకా పడనివాళ్లు ఎక్కడ గుమిగూడి ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

సమోవాలో ఆ గుంపు పసిపిల్లలే. 2018 జూలైలో టీకా మందు కలపడంలో నర్సులు చేసిన పొరపాటుకు ఇద్దరు శిశువులు చనిపోయారు. కార్యక్రమం ఆగింది, తల్లిదండ్రుల్లో భయం మిగిలింది, శిశువుల్లో టీకా 31 శాతానికి పడిపోయింది. మరుసటి ఏడాది చివర్లో రెండు లక్షల జనాభాలో 5,700 మందికి పైగా తట్టు బారినపడ్డారు. 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లు. ప్రభుత్వం డిసెంబరు 5, 6 తేదీల్లో ఆఫీసులు మూసేసి, టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమంది. ప్రభుత్వోద్యోగులే టీకా సిబ్బందిగా మారి ఇల్లిల్లూ తిరిగారు. నెలాఖరుకు టీకా 95 శాతం దగ్గరికి చేరాక అత్యవసర స్థితి ఎత్తేశారు.