పాటిదిబ్బ కింద కాసులపేరు

మా గాండ్లపెంట వైపు చుట్టాలొస్తే లేపాక్షి చూపిస్తాం, పెనుకొండ కోట చూపిస్తాం. తిమ్మమ్మ మర్రిమాను సరేసరి. పాటిదిబ్బ చూపించేవాళ్ళు మాత్రం ఉండరు. మట్టిలో చూడ్డానికేముంది అంటారు. పూర్వం ఊరుండి పాడుపడ్డ చోటే పాటి. తరాల తరబడి పొయ్యి బూడిద, పేడ, పగిలిన కుండలు కలిసి ఆ మన్ను బలమైన ఎరువవుతుంది. అందుకే బండ్లకెత్తి పొలాలకు తోలుకుపోతారు.

అలాంటి దిబ్బే ఒకటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో వుంది. 1940లో హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖ తరఫున గులాం యాజ్దానీగారు తవ్వకం మొదలుపెట్టారు. శాతవాహనుల నాటి ఇటుక గోడలు, దాదాపు 2000 నాణేలు బయటపడ్డాయి. అన్ని నాణేలు చూసి ఆయన దాన్ని టంకశాలల ఊరన్నారు.

నాకు నాణేలకంటే ఇంటి సామాన్లే ముచ్చటగా తోస్తాయి. కాటుక పెట్టుకునే పుల్లలు, పూసలు, గాజు ముక్కలు. తెల్లసుద్దతో చేసిన బొమ్మలున్నాయి. ముందు సగం ఒక అచ్చులో, వెనక సగం మరో అచ్చులో తీసి, లోపల డొల్లగా ఉండేట్టు అతికించేవారట. ఆ ఆడబొమ్మల కొప్పులు చూస్తే, జడ వెయ్యడం మనమే కనిపెట్టామనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది!

రోము చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది. ఆయన క్రీ.శ. 14లో పోయాడు. రోమనులు ఇంగ్లండు మీద దండెత్తింది 43లో. అంటే ఇంగ్లండు పల్లెల్లో రోమను పద్ధతి లోగిళ్ళు లేవకముందు వేసిన నాణెం మన దక్కను దిబ్బలో దొరికిందన్నమాట. రోమను నాణెంలాగే మట్టితో అచ్చువేసి, మెళ్ళో కట్టుకోడానికి వీలుగా చేసిన బిళ్ళలూ దొరికాయి. బంగారు కాసు కొనలేని ఇల్లాలు మట్టి కాసుతో సరదా తీర్చుకుందేమో! ఇది నా ఊహే సుమండీ. మన గిల్టు కాసులపేరు సంగతి మనకు తెలియంది కాదుగదా.

ఇంగ్లండులో అలాంటి లోగిలి ఒకటి, చెడ్‌వర్త్ అనే చోట, 1864లో బయటపడింది. ఇప్పటికీ భద్రంగా కాపాడుకుంటున్నారు. మనకూ 1958 నాటి చట్టం వుంది. 2010లో దాన్ని సవరించి, కేంద్రం రక్షణలో ఉన్న స్థలం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదన్నారు. అయితే రక్షిత జాబితాకెక్కిన దిబ్బకే ఆ కాపుదల. కొండాపూర్ దిబ్బ ఎక్కింది, పక్కనే మ్యూజియం కూడా వెలిసింది. గోపురమో బురుజో పైకి కనిపించని తక్కిన దిబ్బల్లో ఎన్నో బండికింతగా తరిగిపోతున్నాయి.

రైతును ఆడిపోసుకోను. శనగచేను ఎండుతుంటే పాటిమన్ను విలువేమిటో ఈ సీమలో పుట్టినదాన్ని, నాకు తెలుసు. ఒక్కటి మాత్రం మీ పుట్టిళ్ళకు వెళ్ళినప్పుడు చెప్పండి. పది రూపాయలకు మించిన విలువైనదేదైనా భూమిలో దొరికితే కలెక్టరుగారికి తెలియజెయ్యాలని 1878 నుంచీ చట్టముంది. మట్టిబిళ్ళకు పది రూపాయలొస్తాయా అని అడక్కండి, చూపించి రమ్మనండి.