రే

రే అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన రేచల్ అగాథా కీన్ ఆంగ్ల పాప్ గాయని, గీత రచయిత్రి. ఆమె 1997 అక్టోబరు 24న లండన్‌లో జన్మించింది. తండ్రి ఇంగ్లండుకు చెందినవాడు కాగా, తల్లి వంశమూలాలు ఘనా, స్విట్జర్లాండు దేశాలలో ఉన్నాయి. సంగీత, నాటక శిక్షణకు పేరొందిన క్రాయిడన్‌లోని బ్రిట్ స్కూల్లో కొంతకాలం చదివిన ఈమె 2014లో, ఇంకా పదిహేడేళ్ల ప్రాయంలోనే, పాలిడార్ రికార్డింగ్ సంస్థతో ఒప్పందం చేసుకుంది.

తరువాతి ఏళ్లలో ఆమె గొంతు ఎక్కువగా ఇతరుల నృత్యగీతాలలోనే వినిపించింది. డీజే జాక్స్ జోన్స్‌తో కలిసి 2016లో విడుదల చేసిన 'యూ డోంట్ నో మీ' బ్రిటిష్ సింగిల్స్ చార్టులో, అంటే వారంవారం ప్రకటించే విడి పాటల ఆదరణ పట్టికలో, 3వ స్థానానికి చేరింది. బియాన్సే వంటి అగ్రతారలకు గీత రచనలో తోడ్పడినా, సొంత ఆల్బమ్ మాత్రం వెలువడలేదు. నాలుగు ఆల్బములకు ఒప్పందమున్నా పాలిడార్ ఒక్కటీ విడుదల చేయనివ్వడం లేదని 2021 జూన్‌లో బహిరంగంగా ఆరోపించి, మరుసటి నెలలోనే ఆమె ఆ సంస్థను వీడింది.

స్వతంత్ర కళాకారిణిగా, అంటే పెద్ద సంస్థల పెత్తనం లేకుండా, గాయని 070 షేక్‌తో కలిసి రూపొందించిన 'ఎస్కేపిజం' పాట 2023 జనవరిలో బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందింది. ఆ ఫిబ్రవరిలో వెలువడిన తొలి ఆల్బమ్ 'మై ట్వంటీఫస్ట్ సెంచరీ బ్లూస్' లైంగిక హింస, వ్యసనం, సంగీత పరిశ్రమ తీరు వంటి విషయాలను దాపరికం లేకుండా చిత్రించింది. పాప్ సంగీతంలో ఇంతటి నిస్సంకోచం అరుదు. బ్రిటిష్ సంగీత రంగానికిచ్చే బ్రిట్ పురస్కారాలలో 2024లో ఆమె ఒకే రాత్రి ఆరింటిని గెలిచి, అంతవరకు ఉన్న నాలుగు పురస్కారాల రికార్డును అధిగమించింది. ఉత్తమ గీత రచయిత పురస్కారం ఒక మహిళకు దక్కడం అదే ప్రథమం.