హైదరాబాద్ పేరు మోసిన తొలి దాడి

రెండో ప్రపంచ యుద్ధం అనగానే స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ గుర్తుకొస్తాయి. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ నౌకాదళం మీద జరిగిన వైమానిక దాడిని తలిచేవారు తక్కువ. ఆ దాడిలో ముందు నిలిచింది బ్రిటిష్ వైమానిక దళపు 110వ ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్. 1918లో దానికి విమానాలు సమకూర్చింది నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. ఆ పేరు అలా వచ్చింది. ఒక పోరాటాన్ని గెలుపోటములతోనే తూచకూడదు. అది ఎవరి సొమ్ముతో సాగింది, తర్వాతి యుద్ధాన్ని ఎటు మళ్లించింది అన్నవీ చూడాలి. అలా చూస్తే ఈ దాడి నిజామాబాద్, బోధన్ ప్రాంతాల చరిత్రలోకీ వస్తుంది.

ఆ రోజు మబ్బులు బాగా కిందికి దిగి ఉన్నాయి. కెనెత్ డోరాన్ నాయకత్వంలో బ్లెన్‌హీమ్ విమానాలు విల్హెల్మ్స్‌హావెన్ దగ్గర మబ్బు కిందికి దూసుకొచ్చేసరికి ‘అడ్మిరల్ షీర్’ యుద్ధనౌక మీద నావికుల ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. అంత దగ్గరికి వెళ్లి వేసిన బాంబులు నౌకకు తగిలాయి, కానీ పేలలేదు. ఒక బ్లెన్‌హీమ్ ‘ఎమ్డెన్’ నౌక మీద కూలింది. 1914 సెప్టెంబరు 22న మద్రాసు చమురు ట్యాంకులను తగలబెట్టిన పాత ఎమ్డెన్ పేరే దీనికీ పెట్టారు. తోడుగా వెళ్లిన 107వ స్క్వాడ్రన్ అయిదు విమానాల్లో నాలుగు తిరిగి రాలేదు.

విఫలమైన ఇంత చిన్న దాడి యుద్ధగతిని మార్చిందనడం అతిశయోక్తి కాదా? ఒంటరిగా చూస్తే అతిశయోక్తే. రక్షణగా ఫైటర్లు లేకుండా పట్టపగలు బాంబర్లను పంపితే ఏమవుతుందో ఆ దాడి మొదట్లోనే చూపింది. పై అధికారులు దాన్ని సరిగా చదువుకోలేదు. డిసెంబరు 18న హెలిగోలాండ్ దగ్గర 22 వెల్లింగ్టన్లలో 12 పోయాక గానీ కళ్లు తెరవలేదు. ఆ తర్వాత బాంబర్ కమాండ్ ప్రధానంగా రాత్రి దాడులకు మళ్లింది. చీకట్లో గురి కుదరక, చివరికి నగరాలకు నగరాలనే లక్ష్యంగా చేసుకుంది. జర్మన్ పట్టణాలు బూడిద కావడానికి దారితీసిన కారణాల్లో ఆ వైఫల్యాలూ ఉన్నాయి.

ఇక, నిజాం ఇచ్చిన డబ్బుకూ బోధన్ రైతుకూ సంబంధమేమిటనే ప్రశ్న ఉంది. 1918 నాటికి మంజీరపై నిజాంసాగర్ లేదు. దాని పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఆ తర్వాత, 1930ల చివర వచ్చింది. కాబట్టి తొలి కానుకలో చెరకు వాటా లేదు. కానీ సర్కారు ఖజానా నిండింది భూమిశిస్తుతో, ఆబ్కారీతో, కరోడ్‌గిరీ అనే సుంకంతో. ఇందూరు (నిజామాబాద్) చెరువుల కింద వరి పండించినవాడి పైకం అందులో ఉంది. అది నిజాం సొంత సొమ్మే అన్నా, ఆయన సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాల రాబడి కూడా రైతు కట్టిన శిస్తే కదా. నిజాం కానుకతోనే ఆ పేరు పొందిన 152వ ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు 1940 వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పోరాడే వేళకు బోధన్ పొలాల్లోకి కాలువ నీరు పారుతోంది, మిల్లు చెరకు ఆడుతోంది. ఏ రూపాయి ఏ ఊరిదో విడదీయలేం. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. శిస్తు కట్టినవాడిని దాతల్లో లెక్కించే పని చరిత్ర రాసేవాళ్లది.