ఒక్క నెల ప్రధాని

ఫిజీ భాషలో ఒక వింత ఉన్నది. ‘నది’ అని వ్రాసి ‘నంది’ అని చదువుతారు. ‘రబుకా’ అని వ్రాసినది ‘రంబుకా’ అవుతుంది. మన అరసున్న వ్రాతలో నిలిచి పలుకులో పోయింది. వారి సున్న పలుకులో నిలిచి వ్రాతకు ఎక్కలేదు. తెలుగు చెప్పుకొని బ్రదికినవాణ్ణి గనుక నా కన్ను ముందు అక్కడే పడింది. ఇప్పుడు చెప్పబోయే తిమోదీ బవండ్ర పేరులోనూ అటువంటి సున్నే ఉన్నది మిత్రులారా.

బవండ్ర 1934లో పడమటి ఫిజీలోని విసేసేయ్ గ్రామంలో జన్మించాడు. ఫిజీయుల పూర్వులు మొదట కాలూనిన చోటు అదేనని అక్కడి ఐతిహ్యం. సువా నగరంలో వైద్యం చదివి సర్కారు వైద్యుడైనాడు. ప్రభుత్వోద్యోగుల సంఘానికి అధ్యక్షుడూ అయినాడు. 1984లో ప్రభుత్వం జీతాలు పెరగకుండా కట్టడి చేసింది. కార్మిక సంఘాల ఆగ్రహం నుండి 1985లో లేబర్ పార్టీ పుట్టింది. దానికి నాయకుడు ఈ వైద్యుడే. నాటి ప్రధాని రాతు కమిసేసే మరా కూడా ఒకప్పుడు సర్కారు కొలువు చేసినవాడే, కాని తూర్పు దీవుల దొరల వంశంవాడు. 1970లో స్వాతంత్ర్యం వచ్చినది మొదలు పీఠం ఆయనదే.

1987 ఏప్రిల్ ఎన్నికలలో 52 స్థానాలకు 28 గెలిచి బవండ్ర కూటమి గద్దెనెక్కింది. కూటమిలోని రెండవ పక్షానికి బలం చెరకు తోటల భారతీయ సంతతి. 1879, 1916 సంవత్సరాల నడుమ అరవై వేలమంది ‘గిర్మిట్’ మీద ఓడలెక్కి ఆ దీవులకు పోయినారు. అగ్రిమెంటు అన్న మాటకు కూలీల నోట పుట్టిన వికృతి అది. 1903 నుండి మద్రాసు రేవున ఓడ ఎక్కినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. అరవమైనా తెలుగైనా అక్కడ అందరూ ‘మద్రాసీ’లే! బవండ్ర మంత్రివర్గంలో న్యాయశాఖ చూచిన జయరాం రెడ్డి దక్షిణాది సంతతివాడే.

ఇక ‘భారతీయుల రాజ్యం వచ్చింది, భూములు పోతాయి’ అని ఊరేగింపులు మొదలైనాయి. ఈ వాదం నాకు మింగుడుపడదు. ప్రధాని సాక్షాత్తు ఫిజీయుడు. భూమిలో నూటికి 80 పాళ్ళకు పైగా ఫిజీయుల వంశాలదే, అమ్మకానికి వీలులేనిది. ఆ చట్టం మార్చాలంటే సెనేటులోని దొరల మండలి ప్రతినిధులు ఒప్పుకొని తీరాలి. పోయినదల్లా తూర్పు దొరల పెత్తనమే.

మే 14 ఉదయం సభ జరుగుతుండగా లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబుకా మనుషులు ముసుగులు తొడుక్కొని తుపాకులతో ప్రవేశించారు. ప్రధానినీ సహచరులనూ నిర్బంధించి తీసుకొనిపోయారు. ప్రమాణం చేసినది ఏప్రిల్ 13న. లెక్కకు నెలా ఒక్క రోజు. మొదటి కూలి ఓడ ‘లియోనిడస్’ ఫిజీ చేరినదీ మే 14నే, 1879లో.

బవండ్ర ఊరుకోలేదు. జూన్‌లో లండన్ వెళ్ళాడు. రాణిగారు దర్శనం ఇవ్వలేదు. సెప్టెంబరు 23న ఉభయ పక్షాల ఉమ్మడి ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. రెండు రోజులకే రంబుకా రెండవ తిరుగుబాటు జరిపి, అక్టోబరులో దేశాన్ని రిపబ్లిక్‌గా ప్రకటించాడు. 1989 నవంబరు 3న బవండ్ర క్యాన్సర్‌తో మరణించాడు. వయస్సు 55.

రంబుకా తరువాత ఎన్నికలలో గెలిచి ప్రధాని అయినాడు, 2022 చివర మరల అయినాడు. 2023లో గిర్మిట్ స్మారక దినమైన మే 14న, సువాలో అందరి ఎదుట భారతీయ సంతతిని క్షమాపణ కోరాడు. అప్పటికి బవండ్ర పోయి 33 ఏళ్ళు దాటినాయి.