ముందు పోవలసిన మాట



ఒకే దారిని పలువురు ఒక్కసారి బయలుదేరినపుడు ఎవరిని ముందు పోనీయవలెను? దారి యొక్కటి చాలనపుడు రెండవదానిని ఎట్లు వాడుకొనవలెను? నేడు ఇండ్లలోను, పాఠశాలలలోను, పంచాయతీ కార్యాలయములలోను తీగ లేకుండ వార్తలను చేరవేయుచున్న వైఫై అను సాధనమునకు ఇవియే ముఖ్యమైన ప్రశ్నలు. సాధనము క్రొత్తది గాని ప్రశ్నలు పాతవి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చరిత్రను ఆధారముగా గొని వీనిని మీకు వివరింపదలచితిని.

ఈ మూడును వేర్వేరు జిల్లాలైనది 2016 అక్టోబరు 11వ తేదీన. అంతకు పూర్వము ఇవి ముఖ్యముగా వరంగల్లు జిల్లాలోనివి. నిజాము రాజ్యపు రైలు 1886లో సికింద్రాబాదు నుండి జనగామ మీదుగా వరంగల్లు చేరినది. 1889లో మహబూబాబాదు మీదుగా బెజవాడ చేరినది. ఆనాడున్నది ఒక్క పట్టాల జతయే. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చిన, ఒకటి స్టేషనులోని లూపు లైనులో నిలిచి రెండవదానికి దారి యీయవలెను. బొగ్గు మోయు గూడ్సు నిలుచును. టపా మోయు మెయిలు సాగును. మెయిలు గొప్పది, గూడ్సు తక్కువది అని కాదు. బొగ్గు రెండు గంటలు ఆలస్యమైనను బొగ్గుగానే యుండును. టపా ఆలస్యమైన, జాబులోని పని చెడును. ఆలస్యమువలన ఏది యెక్కువ చెడునో అది ముందు పోవలెనన్నది రైలువారి ధర్మము.

తంతివారి ధర్మము వేరు. అక్కడ సాధారణమని, ఎక్స్‌ప్రెస్ అని రెండు తరగతులుండెడివి. ఎక్కువ రుసుము చెల్లించినవాని వార్త ముందు పోయెడిది. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. అవసరమును బట్టి వరుసయా, సొమ్మును బట్టి వరుసయా అను వివాదము మాత్రము ముగియలేదు.

ఇక వైఫై సంగతి. రేడియోలో ఒకరు పలుకుదురు, అందరు విందురు. కావున అక్కడ వరుస తగవు లేదు. వైఫైలో ఆ గాలిలోనే అన్ని యంత్రములును పలుకవలెను. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రాంసన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును 'అలోహా' అను వ్యవస్థను నడపిరి. అందు రెండు యంత్రములు ఒక్కసారి పలికిన, రెండు పలుకులును చెడును. అప్పుడు అవి వేర్వేరు వ్యవధులు ఆగి మరల పలుకవలెను. 1997లో వెలువడిన మొదటి వైఫై ప్రమాణము, ముందు వినుము, గాలి నిశ్శబ్దమైన పిమ్మట చీటి వేసి వచ్చినంత సేపు ఆగి పలుకుము, అని విధించినది. అందరికిని ఒకే చీట్లు.

ఇది సమానత్వమే, కాని న్యాయము కాదు. దూరమున నున్న వైద్యుడు యంత్రము ద్వారా రోగితో మాటలాడుచున్నాడనుకొనుడు. ఆ మాట చిన్నచిన్న తునకలై గాలిలో పోవును. నోటి నుండి చెవికి 150 మిల్లీసెకనులు మించకుండ చేరిననే సంభాషణ సాఫీగా సాగునని అంతర్జాతీయ టెలికాం సంఘము సూచించినది. అదే సమయమున ప్రక్కగదిలో ఎవరో ఒక సినిమాను దింపుకొనుచుండవచ్చును. సినిమా పది నిమిషములు ఆలస్యమైన నష్టము లేదు. వైద్యుని మాట తెగిన నష్టము కలదు. అందుచేత 2005లో వార్తలను నాలుగు తరగతులు చేసిరి: మాట, చలనచిత్రము, సాధారణ వార్త, నిదానముగా పోదగిన వార్త. మాటకు చిన్న చీట్లు, కడపటిదానికి పెద్ద చీట్లు. ఎవరినోరును కట్టలేదు, తొందర గలవారికి అవకాశమును పెంచిరి.

ఇందు ఒక లోపము కలదు. వార్తపై తరగతి ముద్రను సాధారణముగా పంపువారి వైపుననే వేయుదురు. అందరును తమది తొందర వార్తయే అన్నచో, అన్ని బండ్లును మెయిలు బండ్లే యగును. లూపు లైనులో నిలుచు బండి యుండదు.

మరియొక చిక్కు: దారియే తెగిన మెయిలునకు మాత్రము గతి యేమి? 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ పట్టాల క్రింది కట్ట వరదకు కొట్టుకొనిపోయినది. ఎన్నో బండ్లు రద్దయినవి; కొన్నింటిని వేరు మార్గములకు మరలించిరి. ముందు పోవు హక్కు మాత్రమే చాలదు, మారుదారియు కావలెనని దీనివలన తెలియుచున్నది.

వైఫై ఏడవ తరమునకు 2024 జనవరిలో ధ్రువీకరణము మొదలైనది. ఒక్క యంత్రమే పలు పట్టీలపై వార్త నడుపగలుగుట అందలి విశేషము. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలు దాటి దూరము పోవును, కాని అందు రద్దీ మెండు. 5, 6 గిగాహెర్ట్జ్ పట్టీలు విశాలమైనవి, కాని గోడలకు త్వరగా నీరసించును. 6 పట్టీని ఆయా ప్రభుత్వములు అనుమతించిన మేరకే వాడవలెను. మాటను రద్దీ లేని పట్టీకి, పెద్ద మూటలను వేరొకదానికి కేటాయింపవచ్చును. ఒకటి మూసికొనిపోయిన రెండవదానిపై పంపవచ్చును. తొందర వార్తల కొరకై కొంత కాలమును ముందే కేటాయించు పద్ధతియు కలదు.

ఐనను ఈ పలు దారులు రూటరునకును మన చేతి యంత్రమునకును నడుమ నున్నవి మాత్రమే. ఊరి నుండి బయటికి పోవు తీగ యొక్కటే యై అది తెగినచో, ఇంటిలో మూడు దారులుండియు ఫలము లేదు. 2023 జూలై 27న భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. జనులు మిద్దెలెక్కిరి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. నేలదారి మూసికొనిపోగా హెలికాప్టరులు ఆకాశమార్గమున వచ్చినవి. వానిలో ముందు ఎక్కవలసినది మనుష్యులే గాని మూటలు కావని ఎవరికిని చెప్పనక్కరలేదు.

కావున మీ ఊరి పాఠశాలకో, ఆరోగ్య కేంద్రమునకో ఈ సాధనమును తెచ్చినపుడు పెద్దలు మూడు ప్రశ్నలు అడుగుడని నా మనవి. ఆలస్యమైన చెడునది ఏది? అది ముందు పోవలెనని నిర్ణయించువారెవరు? ఉన్న దారి తెగిన మారుదారి కలదా? ఇంకొక మాట. గూడ్సు బండిని లూపు లైనులో నిలుపుట మంచిదే. కాని దానిని అక్కడనే మరచిపోరాదు. ఆ బొగ్గు కొరకును ఎవరో ఒకరు ఎదురుచూచుచుందురు.