ఖిల్వత్ అంటే ఖాళీ

లాడ్ బజార్ వెనక గల్లీలో బ్యాటు పట్టుకుని పోతున్న పిల్లవాణ్ని "కాఁ జారే?" అని అడిగితే "ఖిల్వత్" అన్నాడు. గ్రౌండ్ అన్న మాట కూడా కలపలేదు. వాడి వెనకే వెళ్ళి చూస్తే ఒకే నేల మీద నాలుగైదు మ్యాచులు. ఒక ఆటలోని ఫీల్డర్ ఇంకో ఆట పిచ్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ గోలలో నాకు నవ్వొచ్చింది. ఖిల్వత్ అంటే ఏకాంతం కదా!

ఆ పేరు పక్కనున్న చౌమహల్లా ప్యాలెస్‌ నుంచి వచ్చింది. అక్కడ నిజాములు కొలువు తీరిన దర్బారు హాలు ఖిల్వత్ ముబారక్. పిలుపు ఉంటే తప్ప అడుగు పెట్టలేని చోటి పేరు, ఇవాళ పిల్లలు వికెట్లు పాతుకునే నేలకి అతుక్కుంది.

ఖిల్వత్ అరబీ మాట. దాని ధాతువుకి అర్థం ఖాళీగా ఉండడం. మనుషులు లేని ఖాళీయే ఏకాంతం. మనం రోజూ అనే "ఖాళీ" కూడా ఆ ధాతువు నుంచే పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది.

పిల్లలు ఆడుకునే చోటుకి మనకు మాటలు తక్కువేం కాదు. బడి పుస్తకంలో ఆటస్థలం. 2022 నుంచి తెలంగాణ ఊళ్ళలో సర్కారు బోర్డుల మీద క్రీడాప్రాంగణం. మైదానం ఉండనే ఉంది కానీ, అది మొదట పిల్లలది కాదు, గుర్రాలది, సైన్యాలది. ఇస్ఫహాన్ మైదాన్‌లో గుర్రాల మీద చౌగాన్ ఆడిన రోజుల రాతి గోల్ స్తంభాలు ఇంకా ఉన్నాయి. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సేనలు దిగిన చోటు మన ఫతే మైదాన్. తర్వాత అక్కడ పోలో ఆడారు, ఇప్పుడది లాల్ బహదూర్ స్టేడియం. 1927లో చలం రాజేశ్వరిని ఇల్లు దాటించి తీసుకెళ్ళింది కూడా మైదానానికే. అప్పటికి ఆ మాటలో గుర్రాలు పోయి గాలి మిగిలింది.

మేం చిన్నప్పుడు మాత్రం ఇవేవీ అనలేదు. "ఖాళీ జాగా కాడ ఆడుకుంటున్నం" అనేవాళ్ళం. కాగితాల్లో ఖాళీ స్థలం అంటే ఇంకా దేనికీ వాడనిది. మాకు అదే రోజూ వాడుకున్న చోటు. ఒకరోజు ఇటుకల లారీ వచ్చేది. అంతే, ఇంకో ఖాళీ వెతుక్కునేవాళ్ళం.

ఖాళీని చూస్తే పెద్దలకు చేయి ఊరుకోదు. చార్మినార్‌కి ఉత్తరాన నాలుగు కమాన్ల మధ్య ఒకప్పుడు జిలూఖానా అనే విశాలమైన ఆవరణ ఉండేది, రాచ పరివారం వచ్చి ఆగే చోటు. ఇప్పుడక్కడ అన్నీ దుకాణాలు, నడుమ గుల్జార్ హౌజ్. ఖిల్వత్ ఇంకా నిండలేదు. పేరులో ఉన్న ఖాళీ నేల మీద కూడా ఉంది.

ఇదంతా ఆలోచిస్తూ నిలబడ్డానా, వెనక నుంచి కేక: "అంకుల్, జర హటో!"

నేను నిలబడ్డది వాళ్ళ పిచ్ మీద.