పేరిత చెట్టు లెక్క ఎవరు రాయాలి?

యానాదులు తిరిగే శేషాచలం కొండల్లోని పేరిత చెట్టుకు 1883లో డయ్యర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త సైకస్ బెడ్డోమి అని పేరు పెట్టాడు. బెడ్డోమ్ మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి. పేరులో దొర ఉన్నాడు, మనం లేం.

చూడ్డానికి చిట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈత కాదు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు మొవ్వులో వచ్చే కంకిని మందుకని కోసేస్తారు. చెట్టు పచ్చగానే ఉంటుంది, నష్టం కనబడదు. పుప్పొడి లేక ఆడ చెట్టు గింజ కట్టదు. కోసింది అడవోళ్లే అంటారు, కొన్నదెవరో అడగరు!

1987లో సైట్స్ ఒప్పందం విదేశీ వ్యాపారానికి అడ్డుకట్ట వేసింది. కొండ మీది కోతకు కాదు. అందుకే ఊరికే చెట్లు లెక్కబెడితే చాలదు. మగవెన్ని, ఆడవెన్ని, కింద మొలకలెన్ని, ఏటా అవే చెట్ల దగ్గరికెళ్లి రాయాలి. కొండదారులు తెలిసిన మనమే ఆ పుస్తకం పట్టుకుందాం.